తాళవాద్య ఉత్సవం: ఒక సాయంత్రం చెవికి ఇంపుగా నడవాలంటే

కళాకారుల జాబితా రాసుకునే ముందే శ్రుతి తేల్చుకోండి. మట్టికుండ వాద్యమైన ఘటానికి బట్టీలో కాలినప్పుడు వచ్చిన శ్రుతే శాశ్వతం. లోపల కొంచెం మెత్తటి మట్టి అంటించి కాస్త దించవచ్చు గానీ పెంచే దారి లేదు. నోటి దగ్గర పట్టుకుని మీటే లోహపు వాద్యం మోర్సింగ్ కూడా అంతే, దాని లోహపు నాలిక కొనకు మైనం పెడితే శ్రుతి దిగుతుంది, పెరగాలంటే ఇంకో మోర్సింగ్ తీయాలి. మృదంగాన్ని మాత్రం బాగానే సర్దుకోవచ్చు. అందుకని ముందు ఘటం వాయించేవారిని అడిగి, వారి దగ్గర ఏ శ్రుతి ఘటాలున్నాయో తెలుసుకుని, మిగతావారికి ఆ శ్రుతి చెప్పాలి. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. మృదంగం వారు ఒక శ్రుతి అనుకుని వస్తారు, ఘటం అరశ్రుతి పక్కన ఉంటుంది, సాయంత్రమంతా రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటూనే ఉంటాయి.

ఒంటిచేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాద్యం కంజీరకు స్థిరమైన శ్రుతి ఉండదు, తడిని బట్టి దాని నాదం మారుతుంది. వెనక నుంచి తోలు మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, వేలితో పరిచి, గుమకం (లోతైన మోత) వచ్చేదాకా ఆగాలి. వాయిస్తున్నకొద్దీ తోలు ఆరి బిగుస్తుంది కాబట్టి కళాకారుడి పక్కన చిన్న నీళ్ల గిన్నె, పొడి గుడ్డ తప్పకుండా ఉంచండి. ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి: కంజీరకు సంప్రదాయంగా వాడుతూ వచ్చిన ఉడుము తోలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం. కొత్తగా కొనేవారు మేక తోలుదో, సింథటిక్ మూతదో తీసుకోవాలి. ఉత్సవ ప్రాంగణంలో వాద్యాల అమ్మకం పెడితే ఈ విషయం దుకాణదారులకు ముందే చెప్పండి.

కార్యక్రమం వరుస

రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ప్రభుత్వం ప్రకటించినచోట ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పోలీసు అనుమతికి కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు పెట్టి, తొమ్మిదిన్నరకే ముగిసేలా వేళలు రాసుకోండి. ఆరింటికి ఘటం, కంజీర, మోర్సింగ్ కలిసి 40 నిమిషాలు. 6.55కు మృదంగంతో కూడిన లయ విన్యాసం (తాళవాద్యాలే ప్రధానంగా సాగే కచేరీ) 70 నిమిషాలు. 8.20కి నాదస్వరంతో డోలు అరగంట. తొమ్మిదింటికి ఆరుబయట డప్పు అరగంట. మధ్య విరామాలు పదీ పదిహేను నిమిషాలు, మైకులు మార్చడానికి అంత సమయం నిజంగానే పడుతుంది.

మెత్తటి వాద్యం ముందు, గట్టి వాద్యం చివర ఉండాలి. డప్పు విన్న చెవికి ఆ తర్వాత కాసేపటి దాకా మోర్సింగ్‌లోని సన్నని జతులు (తకిట లాంటి లయ పలుకులు) అందవు. చాలామంది జనాన్ని రప్పించడానికి డప్పుతో మొదలుపెడతారు. జనం వస్తారు, కానీ తర్వాతి గంట వాద్యాలకు అన్యాయం జరుగుతుంది.

డప్పు బృందాన్ని ద్వారం దగ్గర స్వాగతం కోసమే పిలిచి, వేదిక మీద పేరు చదవని అలవాటు ఒకటుంది. దాన్ని మానాలి. పదిమంది వస్తే పదిమందికీ ప్రయాణ ఖర్చు ముందే ఇవ్వండి, భోజనం కార్యక్రమానికి రెండు గంటల ముందు పెట్టండి, ఆహ్వాన పత్రికలో మృదంగ విద్వాంసుడి పేరు ఎంత అక్షరంలో ఉంటే వారి పేర్లూ అంతే అక్షరంలో వేయండి.

డప్పు తోలు కాచడానికి చోటు కావాలి. పందిరికీ, వైర్లకూ కనీసం పది మీటర్ల దూరంలో, గాలి వాలుకు జనం లేని పక్క చూసి, ఇసుక బకెట్ ఒకటి, నీళ్ల బకెట్ రెండు పెట్టండి. ఎండుగడ్డి మంటకు తోలును అటూ ఇటూ తిప్పుతూ కాచాలి, ఒకేచోట నిలిపితే తోలు మాడి పగులుతుంది. సిర్రతో (డప్పు కొట్టే పుల్లతో) కొట్టి చూస్తే మోత పొడిగా, కంచులా పలకాలి. చలి, తేమ ఉన్న రాత్రి వాయించేలోపే దిగిపోతుంది, అందుకని మంట ఆర్పకుండా నిప్పులు ఉంచండి. ఫైబర్ మూత డప్పులకు ఈ పని ఉండదు గానీ మోతలో ఆ కండ ఉండదు.

వేదిక, మైకులు

చెక్కపలకల వేదిక లోపల బోలుగా ఉంటుంది. అదే ఒక పెద్ద డోలైపోయి మృదంగం ఎడమ మూత గుమ్కీని (లోతైన మోతను) రెట్టింపు చేసి రొద పెడుతుంది. కళాకారులు కూర్చునే చోట మందపాటి తివాచీ రెండు పొరలు పరచి, మైకు స్టాండ్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి. అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టండి, ప్రతివారికీ మిగతావారి చేతులు కనపడాలి. తాళం వేసేది ఒక్కరే, అదీ మధ్యలో అందరికీ కనపడేలా.

మైకుల లెక్క: ఒక్కో మృదంగానికి రెండు, కుడి మూతకు నాలుగైదు అంగుళాల దూరంలో షూర్ ఎస్‌ఎం57 వంటిది, ఎడమ మూతకు కింది స్థాయి బాగా పట్టేది. ఘటానికి ఒకటి, కంజీరకు ఒకటి, మోర్సింగ్‌కు నోటికి రెండు మూడు అంగుళాల దగ్గర ఒకటి, వయొలిన్‌కు ఒకటి, తంబూరకు ఒకటి, మాటకు ఒకటి. రెండు మృదంగాలుంటే మొత్తం పది లైన్లు. పన్నెండు లైన్ల మిక్సర్ అడగండి. డప్పు బృందానికి మైకులు పెంచకండి, ఎత్తులో రెండు చాలు.

ఎకో పెట్టవద్దని సౌండ్ అబ్బాయికి ముందే చెప్పాలి. పాటకు అందం ఇచ్చే ఎకో మృదంగానికి విషం. తకిట, తకతకిట ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతాయి. మోర్సింగ్ లైనులో బాగా కింది స్థాయి తీసేయమనండి, ఊపిరి బుస్సులు తగ్గుతాయి. వేదిక మీది మానిటర్లో తంబూర, వయొలిన్, తాళం వేసేవారి చప్పుడు ఉండాలి. వాద్యకారులు తమ వాద్యాన్నే పెంచమంటూ పోతే, ఒకరికొకరు వినపడక కాలప్రమాణం (వేగం) పరుగెడుతుంది.

వాద్యాలు ఏసీ హాల్లో కనీసం గంట ముందు ఉండాలి. కాకినాడ, విజయవాడ లాంటి చోట బయట తేమకు తోలు సడలి ఉంటుంది. లోపలికి రాగానే శ్రుతి చేస్తే, పావుగంటలో ఆరి పెరుగుతుంది, కచేరీలో మళ్లీ రాయి తీయాల్సి వస్తుంది. మృదంగం కుడి మూత చుట్టూ అల్లిన తోలు జడ అంచు మీద పుల్ల ఆనించి రాయితో కిందికి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి పైకి కొడితే దిగుతుంది. ఒకేచోట కాక చుట్టూ సమంగా కొట్టాలి. నవ మృదంగం వంటి బహు మృదంగ ప్రదర్శన ఉంటే ఈ సమయం రెండింతలు వేసుకోండి. మృదంగం ఎడమ మూతకు రెండు చెంచాల బొంబాయి రవ్వ, చిలకరించినంత నీళ్లు కలిపి, వేలికి అంటీ అంటనట్టు ముద్ద చేసి అంటించాలి. దీపాల వేడికి అది ఆరి పగులుతుంది, అందుకే తడిగుడ్డ పక్కనుండాలి. కచేరీ అయ్యాక రవ్వ వదిలేయకూడదు, ఎండి తోలును లాగుతుంది, చీమలూ పడతాయి.

వాయించేవారి మధ్య ఒప్పందం

ఇక్కడే ఎక్కువ ఉత్సవాలు చెడతాయి. అందరూ గొప్పగా వాయించేవారే, కానీ ఎవరూ ఎవరికీ ఖాళీ ఇవ్వరు. ముందురోజు గంటసేపు కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోవాలి: తాళం, కాలప్రమాణం, ఏ గతులు (దెబ్బను ఎన్ని భాగాలు చేయాలి), ఎవరి తర్వాత ఎవరు. వయొలిన్ ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) పొడవున్న సాదా వరస పదే పదే వాయిస్తే, తాళం తెలియని శ్రోతకు కూడా సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) ఎక్కడ పడుతుందో చెవికి చిక్కుతుంది. ఈ ఒక్క ఏర్పాటుతో సభలో చప్పట్ల తీరే మారుతుంది.

ఆదితాళం, చతురశ్ర గతి అనుకుందాం, ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు, అంటే ఆవర్తనానికి 32 మాత్రలు. నలుగురు వాద్యకారులు కుదింపులోకి వెళ్తున్నారు. తలా రెండు ఆవర్తనాలు, తర్వాత ఒకటి, తర్వాత అర, తర్వాత పావు. అర ఆవర్తనం చొప్పున నలుగురూ అయ్యేసరికి సరిగ్గా రెండు ఆవర్తనాలు, పావు చొప్పున ఒక ఆవర్తనం, ఎప్పుడూ సమానికే చేరతారు. ముగ్గురే ఉంటే? అర చొప్పున ఒకటిన్నర ఆవర్తనం, మధ్యలో తెగిపోతుంది. అందుకని అర చుట్లు రెండుసార్లు, పావు చుట్లు నాలుగుసార్లు తిప్పాలి, అప్పుడే మూడేసి ఆవర్తనాలకు సమం దొరుకుతుంది. ఐదుగురైతే అర చుట్లు రెండు, పావు చుట్లు నాలుగు. ఈ లెక్క వేదిక మీద వేయబోతే ఒకరు అరలో ఆగితే ఇంకొకరు పావులోకి దూకుతారు.

కలిసి ముగించడానికి ఒక సాదా ముక్తాయింపు చాలు. తకదిమి తకిట (7), తక తకిట (5), తకిట (3), మొత్తం 15. తర్వాత తధిగిణతొం, ఒక మాత్ర ఖాళీ, తధిగిణతొం, ఒక మాత్ర ఖాళీ, తధిగిణతొం, మొత్తం 17. రెండూ కలిపితే 32. మూడుసార్లు వాయిస్తే మూడు ఆవర్తనాలు, సమానికి తాకుతుంది. తొందర ఎప్పుడూ ఆ రెండు ఖాళీ మాత్రల్లోనే పుడుతుంది. అక్కడ ఎవరో ఒకరు చేయి ఆడిస్తారు, మరుసటి తధిగిణతొం ముందుకు జరుగుతుంది, మూడోసారికి సమం అందదు. కొత్తవారు సాధనలో ఆ ఖాళీ మాత్రను నోటితో ‘ఊ’ అని పలుకుతూ వాయిస్తే చేయి నిలుస్తుంది.

ఒక్కొక్కరి సోలో పది నిమిషాలు దాటకూడదు. ఒకరు వాయిస్తుంటే మిగతావారు చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. తాళం వేసేవారు ఎనిమిదో నిమిషంలో కళ్లతో సైగ చేయాలని ముందే అనుకోండి.