బెంగళూరు రోడ్ల మీద ఫోన్లు, పవర్ బ్యాంకులు కొనేటప్పుడు మోసాన్ని పసిగట్టడం ఎలా?

శుక్రవారం సాయంత్రం మెజెస్టిక్ బస్టాండు చుట్టుపక్కల గానీ, ఆనందరావు సర్కిల్లో ట్రావెల్స్ బస్సులు ఆగే చోట గానీ, మారతహళ్ళి వంతెన కింద గానీ బ్యాగు తగిలించుకుని నిలబడితే, ఒక మనిషి పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి ఖరీదైన ఫోను బయటికి తీస్తాడు. మీరు ఇంట్లోవాళ్ళతో తెలుగులో మాట్లాడడం అప్పటికే విని ఉంటాడు కాబట్టి, "అన్నా, మాది మదనపల్లి, మనవాళ్ళు కదా అని అడుగుతున్నాను" అని మొదలుపెడతాడు. అమ్మ ఆసుపత్రిలో ఉందని, డెబ్బై వేల ఫోనును ఎనిమిది వేలకే ఇచ్చేస్తానని, బస్సుకు టైమవుతోందని చెబుతాడు. రాయలసీమ నుంచి, కోస్తా నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చి, మొదటి జీతంలో మిగిలిన నాలుగు డబ్బులు ఇలా పోగొట్టుకునే పిల్లలను చూస్తే మనసు కష్టపడుతుంది. వాళ్ళకూ, వాళ్ళను ఇక్కడికి పంపిన తల్లిదండ్రులకూ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

చూపించింది ఒకటి, చేతికిచ్చేది ఒకటి

ఈ మోసంలో మీకు మొదట చూపించే ఫోను చాలాసార్లు అసలైనదే. దాన్ని చేతిలో పెట్టి, కెమెరా చూసుకోమంటాడు, ఒక ఫోన్ కాల్ కూడా చేసుకోనిస్తాడు. బేరం కుదిరాక మాత్రం "చార్జర్, బిల్లు కూడా పెట్టి ఇస్తాను" అంటూ ఫోనును వెనక్కి తీసుకుంటాడు. అతని భుజానికి వేలాడే సంచిలో అదే రంగు పెట్టె, అదే బరువుతో, ముందే సిద్ధంగా ఉంటుంది. దాన్ని గోధుమరంగు టేపుతో గోళ్ళకు లొంగనంత గట్టిగా చుట్టేస్తారు. సరిగ్గా అప్పుడే పక్కనున్న తోడుదొంగ "పోలీసులు వస్తున్నారు" అంటాడు. మీరు కంగారుగా పెట్టె పుచ్చుకుని, డబ్బిచ్చి బస్సెక్కేస్తారు. హొసకోటె దాటాక విప్పి చూస్తే లోపల ఫోను ఆకారంలో కోసిన గాజుముక్కో, బట్టల సబ్బో ఉంటుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇది. మీరు పరీక్షించిన వస్తువు ఒకసారి మీ చేయి దాటి వెళ్ళి తిరిగొచ్చిందంటే, దాన్ని మళ్ళీ విప్పి చూడనిదే డబ్బు ఇవ్వకూడదు. "దగ్గర్లోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళదాం, అక్కడ చూపించి డబ్బిస్తాను" అని చెప్పి చూడండి. నిజంగా అవసరంలో ఉండి అమ్ముకునేవాడు ఎంత తొందరలో ఉన్నా వస్తాడు, మోసగాడు మాత్రం అక్కడి నుంచి జారుకుంటాడు. నన్నడిగితే అసలు రోడ్డు మీద ఫోను కొననే కూడదు. అయినా కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు కనుక, చూసుకోవలసినవేమిటో చెబుతాను.

పదిహేను అంకెల పరీక్ష

ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య ఉంటుంది, రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఉంటాయి. డయల్ ప్యాడ్‌లో *#06# నొక్కితే ఆ సంఖ్య తెర మీద కనిపిస్తుంది. తెర మీది సంఖ్య, పెట్టె మీది సంఖ్య, బిల్లులోని సంఖ్య, ఈ మూడూ ఒకటే కావాలి. ఆ తరువాత కేవైఎం అనే మూడు అక్షరాలను ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్య రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపాలి. 2023 మే నెలలో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్లోనూ ఇదే పరీక్ష చేసుకోవచ్చు. బ్లాక్ లిస్టులో ఉందనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో జవాబు వస్తే ఆ బేరాన్ని అక్కడితో వదిలేయాలి. జవాబులో ఫోను కంపెనీ పేరు, మోడల్ కూడా వస్తాయి, చాలామంది వాటిని చదవరు. చేతిలో ఉన్నది పెద్ద తెర ఫోను అయి, సమాచారంలో ఏదో మామూలు కీప్యాడ్ ఫోను పేరు వచ్చిందంటే, ఆ సంఖ్యను ఎక్కడినుంచో తెచ్చి ఇందులో ఎక్కించారని అర్థం. అలా ఐఎంఈఐని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడగల నేరం.

జవాబు బాగానే వచ్చినంత మాత్రాన ఫోను దొంగిలించినది కాదని చెప్పలేము, ఎందుకంటే పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా ఫిర్యాదు చేసి ఉండకపోవచ్చు. ఫిర్యాదు నమోదై బ్లాక్ అయిన ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. అందులో సిమ్ వేసి వాడే ప్రయత్నం చేసినవారి ఆచూకీ పోలీసులకు చిక్కుతుంది కూడా. అప్పుడు స్టేషనుకు వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోవలసింది కొన్నవారే.

నకిలీ ఐఫోన్లు చాలావరకు ఆండ్రాయిడ్ మీద ఐఫోను ముసుగు వేసినవి. యాప్ స్టోర్ గుర్తు మీద నొక్కితే ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనయితే ప్లే స్టోర్ సెట్టింగుల్లో అబౌట్ దగ్గరికి వెళ్ళి, ప్లే ప్రొటెక్ట్ కింద పరికరం సర్టిఫై అయిందో లేదో చూడాలి. కెమెరా తెరిచి జూమ్ 0.5కు మార్చి, వెనక ఉన్న కెమెరా కళ్ళను ఒక్కొక్కటిగా వేలితో మూసి చూడడం నాకు బాగా నచ్చిన పరీక్ష. అల్ట్రావైడ్ కెమెరా ఉందని చెప్పే ఫోనులో ఏ కన్ను మూసినా బొమ్మ మారకపోతే, లేదా ఎటు మార్చినా ఒకే కన్ను పనిచేస్తుంటే, మిగతావి అలంకారానికి అతికించిన గాజుబిళ్ళలే.

ఎస్పీ రోడ్డు, నేషనల్ మార్కెట్ అంగళ్ళలో

ఎస్పీ రోడ్డు, నేషనల్ మార్కెట్ బెంగళూరులో ఎలక్ట్రానిక్ వస్తువులు అమ్మే చోట్లు. ఎస్పీ రోడ్డులో తరాలుగా నిజాయితీగా వ్యాపారం చేస్తున్నవాళ్ళు ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అక్కడ కొనుగోలుదారుడికి అసలు రక్షణ బిల్లే. జీఎస్టీ సంఖ్య, వస్తువు సీరియల్ నంబరు రాసిన బిల్లు ఇవ్వని చోట ఎంత తగ్గించినా కొనకూడదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. పెట్టె మీద ఎమ్మార్పీ, తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. పైనున్న పలుచని ప్లాస్టిక్ సీలును నమ్ముకోవద్దు, ఆ సీలును మళ్ళీ వేయడం కష్టమేమీ కాదు. కొత్తదని చెప్పి ఐఫోను ఇస్తే, సెట్టింగుల్లో జనరల్, అబౌట్‌లోకి వెళ్ళి మోడల్ నంబరు మొదటి అక్షరం చూడండి. ఎం అయితే కొత్తగా అమ్మినది, ఎఫ్ అయితే కంపెనీ బాగుచేసి అమ్మినది, ఎన్ అయితే పాడైన ఫోనుకు బదులుగా ఇచ్చినది.

పెన్ డ్రైవులు, పవర్ బ్యాంకులు

ఫుట్‌పాత్ మీద నాలుగైదు వందలకు దొరికే 2 టీబీ పెన్ డ్రైవులో నిజంగా ఉండేది 16 జీబీయో, 32 జీబీయో. లోపలి కంట్రోలర్ చిప్‌ను మార్చి, కంప్యూటర్‌కు అబద్ధపు పరిమాణం చెప్పేలా చేస్తారు. అసలు చోటు నిండేవరకు అంతా సవ్యంగా ఉంటుంది. ఆ పైన ఎక్కించిన ఫైళ్ళ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, తెరవబోతే తెరుచుకోవు. పెళ్ళి ఫోటోలు అందులో దాచుకున్నవారికి ఆ సంగతి తెలిసేసరికి, ఫోనులోంచి అసలు ఫోటోలు ఎప్పుడో చెరిపేసి ఉంటారు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు డ్రైవును పూర్తిగా నింపి, మళ్ళీ చదివి, నిజమైన పరిమాణం చెబుతాయి. అంగట్లో కొన్నా సరే, ముఖ్యమైనది ఏదైనా దాచుకునే ముందు ఒక రాత్రి ఈ పరీక్ష నడపండి.

పవర్ బ్యాంకు విషయంలో చిన్న లెక్క చాలు. దాని మీద రాసే ఎంఏహెచ్ అంటే అందులో పట్టే చార్జి కొలత, వాట్ అవర్ అంటే అందులో నిల్వ ఉండే శక్తి కొలత. ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్ వస్తుంది, అంటే 20,000 ఎంఏహెచ్‌కు 74. వెనక అచ్చువేసిన వాట్ అవర్ అంకె దీనికి దూరంగా ఉంటే అనుమానించాలి. 18650 రకం గుండ్రటి లిథియం సెల్ ఒక్కొక్కటి 45 నుంచి 50 గ్రాముల వరకు తూగుతుంది, అందులో పట్టేది ఎక్కువలో ఎక్కువ 3,500 ఎంఏహెచ్ దాకా. అంటే ఆ సెల్స్‌తో చేసిన 20,000 ఎంఏహెచ్ బ్యాంకులో కనీసం ఆరు ఉండాలి, పైతొడుగు కాక అవే దాదాపు 300 గ్రాములు అవుతాయి. మోసగాళ్ళకు ఈ లెక్క తెలుసు కాబట్టే ఒక్క సెల్ పెట్టి, మిగతా చోట ఇసుక పొట్లాలో ఇనుప ముక్కలో కుక్కుతారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడాలి. 50,000 అని రాసి ఉన్నదాన్ని విమానంలో తీసుకువెళ్ళవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది నిజంగా 50,000 అయితే 185 వాట్ అవర్ అవుతుంది, 160 దాటినదాన్ని ప్రయాణికులు వెంట తీసుకువెళ్ళనివ్వరు.

చార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ఆర్ అక్షరం, దాని తరువాత ఎనిమిది అంకెలు ఉంటాయి. వాటిని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ సంఖ్య ఏ కంపెనీది, ఏ వస్తువుది అన్నది తెలుస్తుంది. రాత్రి తలగడ పక్కన పెట్టి వాడే వస్తువు ఇది, కాబట్టి మిగతా అన్నిటికన్నా దీని దగ్గర పట్టుదలగా ఉండండి.

కారు డిక్కీలోంచి ఎగ్జిబిషన్లో మిగిలిన విదేశీ హోమ్ థియేటర్ అని అమ్మేవారితో మాట కలపకుండా వెళ్ళిపోవడమే మంచిది.

మోసపోతే ఏం చేయాలి

యూపీఐలో డబ్బు పంపి ఉంటే ముందు బ్యాంకుకు చెప్పి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య, క్యూఆర్ మీద కనిపించిన పేరు చెప్పాలి. నగదు ఇచ్చి ఉంటే ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్లో, జరిగిన చోటు, సమయం రాసి ఫిర్యాదు ఇవ్వాలి. అక్కడి అంగళ్ళ సీసీ కెమెరాల్లో దృశ్యాలు ఎక్కువ రోజులు ఉండవు కనుక, సాధ్యమైతే అదే రోజు వెళ్ళండి. బిల్లు ఉన్న అంగడి మీదయితే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. మీరు నివసించే లేదా పనిచేసే చోటనే కేసు వేసుకునే వీలును 2019 చట్టం ఇచ్చింది కాబట్టి, ఈలోగా కడపకో కర్నూలుకో తిరిగి వెళ్ళిపోయినవారు కూడా అక్కడినుంచే వేయవచ్చు.