తొలి వానకు పత్తి విత్తకండి

మొన్న సాయంత్రం గాలిదుమారంతో గంటసేపు వాన పడింది. తెల్లారేసరికి దేవరకొండ వైపు చెలకల్లో సాళ్లు తోలి పత్తి గింజలు పెడుతున్నారని కబురు. వినగానే గుండె జారింది. దుక్కులు, ఎరువుల సంగతి మీకు ఒకరు చెప్పనవసరం లేదు. నేను చెప్పేది ఒక్కటే: తొలి వానకు విత్తకండి. నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఈ ఒక్క తొందరతో పంట మొదలుకాక ముందే అప్పులపాలైన ఇళ్లను చూశాను.

రోహిణి కార్తెలో, అంటే మే చివర, జూన్ మొదట్లో పడేది చాలావరకు రుతుపవనాల వాన కాదు. ఎండకు కాగిన నేల మీద తేమ గాలి పైకి లేచి మబ్బుగా మారి కురిసే వాన. ఒక ఊళ్లో దంచికొడుతుంది, పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు. అసలు నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి వస్తూ సహ్యాద్రికి పడమటి వైపే చాలావరకు కురిసిపోతాయి. మనది ఆ కొండల వెనుక వర్షచ్ఛాయ, అంటే కొండలు అడ్డుపడి వాన తక్కువగా పడే చోటు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఇటు కదిలితేనే మనకు ముసురు. అందుకే రుతుపవనాలు తెలంగాణలోకి వచ్చాయని రేడియోలో చెప్పినంత మాత్రాన మీ చేను తడిసినట్టు కాదు. 2025లో మే 24నే కేరళను తాకి, కొద్ది రోజుల్లోనే మన దాకా వచ్చాయి. ఆ తర్వాత జూన్ సగం వరకు ముందుకు కదలలేదు. మే వానకు మురిసి విత్తితే ఏమవుతుందో ఆలోచించండి.

పైపై తడికి గింజ ఉబ్బి మొలక వేస్తుంది. వేరు కిందికి దిగితే అక్కడ తడి ఉండదు. నాలుగు ఎండలకే మొలక మాడిపోతుంది. మాడిన మొలక తర్వాత ఎంత వాన పడినా లేవదు. మళ్లీ విత్తనం, మళ్లీ కూలి. 2025లో బీటీ పత్తి ప్యాకెట్ ధర 901 రూపాయలు, ఎకరానికి రెండు కావాలి. లెక్క మీరే వేసుకోండి.

విత్తాలంటే తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలి. నిటారు గోడల డబ్బా ఒకటి చేలో ఆరుబయట పెట్టి, వాన వెలిసిన వెంటనే స్కేలుతో కొలిచి రాసుకోండి, నీళ్లు పారబోయండి. జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి. పొడిపొడిగా రాలితే ఆగండి.

జూలై 20 వరకు పత్తికి అదను ఉంది, భయపడకండి. అది దాటితే పత్తి మానేసి కందికో ఆముదానికో మారండి.

సంచుల్లో విడిగా అమ్మే విత్తనం కొనకండి. బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్ పారేయకండి, మొలక రాకపోతే అదే మీకు సాక్ష్యం. ఉన్న విత్తనమంతా ఒకేసారి పెట్టకండి. ఉరుము వినబడితే చెట్టు కింద నిలబడకండి. తడి చేతులతో మోటారు స్టార్టర్ ముట్టకండి. తొలి వానకు విత్తకండి. పక్క చేనువాళ్లు విత్తారని అసలే విత్తకండి, వాళ్ల చేలో పడిన వాన మీ చేలో పడి ఉండకపోవచ్చు.