వాల్వ్ ఆంప్లిఫయర్ మొరాయిస్తే ముందు వాల్వులు కొనొద్దు, కండెన్సర్లు చూడండి

మా పెదనాయన పెళ్లిళ్లకు మైక్ సెట్ నడిపేవాడు, ఇంట్లో పాటలు వినడానికి మాత్రం ఇంకో చిన్న ఆంప్లిఫయర్ పెట్టుకున్నాడు, అందులో ఉండే వాల్వులు (ట్రాన్సిస్టర్ల కన్నా ముందు వాడిన గాజు గొట్టాలు) ఇవి: స్పీకర్‌ను నడిపే రెండు ఈఎల్84, వాటికి సౌండ్ పెంచి పంపే ఒక ఈసీసీ83, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌కు ఈజెడ్81. కడప ఎండలకు అటక మీద ఏళ్ల తరబడి పడున్న దాన్ని కిందికి దించి బాగు చేసుకున్నా, ఇక్కడ రాసేవి ఆ పనిలో తెలిసినవే.

ముందు ప్రాణం సంగతి. లోపల 300 వోల్టుల డీసీ ఉంటాది, ప్లగ్ పీకినా కండెన్సర్లలో అది అట్లే నిలబడుతాది. 10కే (10 కిలోఓమ్స్), 5 వాట్ల రెసిస్టర్‌కు క్లిప్పులు పెట్టుకుని ఒకటి మెటల్ బాడీకి, ఇంకోటి ఫిల్టర్ కండెన్సర్ (డీసీని నున్నగా చేసే పెద్ద కండెన్సర్) ప్లస్‌కు తగిలించి కాసేపు ఉంచండి, మీటర్‌లో 10 వోల్టుల కిందికి వచ్చినాకనే చెయ్యి పెట్టండి. స్పీకర్ కనెక్షన్ లేకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్లీ అట్లాంటిది దొరకడం కష్టం.

ఆన్ చేస్తానే ఫ్యూజ్ పోతాంది

పెద్ద ఫ్యూజ్ వేయొద్దు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు మెయిన్స్ వైరులో సిరీస్‌గా పెట్టి ఆన్ చేయండి. నిండా వెలిగి అట్లే ఉంటే షార్ట్ ఉన్నట్టే. ఈజెడ్81 తీసి మళ్లీ ఆన్ చేయండి, ఇప్పుడు బల్బు మసకబారితే తప్పు ఆ రెక్టిఫయర్‌దో దాని తర్వాతి ఫిల్టర్ కండెన్సర్‌దో, అట్ల కాకుండా ఇంకా వెలుగుతానే ఉంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నో హీటర్ (వాల్వును వేడి చేసే తీగ) వైరింగ్‌నో అనుమానించాల.

వాల్వు లోపల ప్లేటు ఎర్రగా కాలుతాంది

ఇది అన్నిటికన్నా ముఖ్యం. రూములో లైటు ఆర్పి చూస్తే తెలుస్తాది, హీటర్ నారింజ వెలుగు మామూలే, దాని చుట్టూ ఉండే బూడిదరంగు రేకు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపేయండి. చాలామంది వాల్వు పోయిందని కొత్తది వేస్తారు, అదీ కొన్ని నిమిషాల్లోనే ఎర్రబడుతుంది. చాలాసార్లు తప్పు ఈసీసీ83 నుంచి ఈఎల్84కు సౌండ్ పంపే చిన్న కప్లింగ్ కండెన్సర్‌ది, అది లీకయితే ఈఎల్84లో కరెంటును అదుపు చేసే గ్రిడ్‌కు ప్లస్ వోల్టేజీ పోతాది. ఈఎల్84 రెండో పిన్‌కు (అదే గ్రిడ్), బాడీకి మధ్య మీటర్ పెట్టండి, సున్నా ఉండాల్సింది, మాకు 9 వోల్టులు చూపించింది. వాల్వు తీసినా అది అట్లే ఉంటే కండెన్సర్ లీకే, వాల్వు తీయగానే పోతే అప్పుడు వాల్వుదే తప్పు. అదే విలువ, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వేయండి, రెండు ఈఎల్84లవీ మార్చండి.

బుయ్యిమని మోత

వాల్యూమ్ తగ్గించినా మోత అట్లే ఉంటే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది, వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే ఇన్‌పుట్ వైరు, ఎర్తింగ్ చూడండి. పెద్దది వేస్తే మోత ఇంకా తగ్గుతాదని 220 మైక్రోఫారడ్ వేయకండి, ఈజెడ్81 పక్కన మొదటి కండెన్సర్ 50కి మించకూడదు, మించితే రెక్టిఫయర్‌ను తినేస్తాది.

చిటపట సౌండ్

మన దుమ్ముకు ఇది తప్పదు. చల్లారినాక వాల్వు పిన్నులు, సాకెట్లు, వాల్యూమ్ కంట్రోల్ కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. తర్వాత ఆన్ చేసి ఈసీసీ83ని పెన్సిల్‌తో మెల్లగా తట్టండి, స్పీకర్‌లో టింగుమంటే దాన్ని మార్చాల.

ఇంకోటి, వెనకాల వోల్టేజీ ట్యాప్ (ఇంటి కరెంటు ఎన్ని వోల్టులో దానికి తగ్గట్టు మార్చుకునేది) చూడండి. మా ఇంట్లో రాత్రిపూట 243 వస్తాది, ట్యాప్ 220 మీద ఉంటే 6.3 వోల్టుల హీటర్‌కు దాదాపు 7 పోతుంది, అందుకే నేను 240కి మార్చేసినాను.

అన్నీ అయినాక ఈఎల్84 కాథోడ్ రెసిస్టర్ (కాథోడ్ నుంచి బాడీకి పోయేది) మీద వోల్టేజీ కొలవండి. మాది వాల్వుకు ఒకటి, 270 ఓమ్స్, దాని మీద 10 వోల్టులు వచ్చింది, అంటే దాదాపు 37 మిల్లీఆంప్స్, ఈఎల్84కు ఇబ్బంది లేదు. 16 వోల్టుల దాకా ఎగిరితే మళ్లీ కప్లింగ్ కండెన్సర్ కాడికే పోండి. మూత వేయకుండా రెండు గంటలు పాటలు పెట్టి, లైటు ఆర్పి ప్లేట్లు ఇంకోసారి చూసి, అప్పుడు స్క్రూలు బిగించండి.