శరత్తులో నాటిన దుంపల నుంచి తొలి వసంతపు పూలు

ట్యులిప్, డాఫడిల్, హయసింత్ దుంపలు మన చేతికి వచ్చేసరికే వాటి లోపల పువ్వు తయారై ఉంటుంది. అక్టోబరులో ఒక ట్యులిప్ దుంపను నిలువుగా కోసి భూతద్దంతో చూడండి. పొరల నడుమ గింజంత మొగ్గ, అందులో రేకులు, కేసరాలు విడివిడిగా కనబడతాయి. కాబట్టి మొదటి ఏడాది పూసిందంటే అందులో మన గొప్ప పెద్దగా లేదు, లోపలున్న పువ్వును చెడగొట్టకుండా ఉంటే చాలు. మన పనితనం బయటపడేది రెండో ఏడాదిలోనే.

కొనేటప్పుడు రంగుల బొమ్మ కన్నా ముందు దుంపను చూడాలి. చేతిలో గట్టిగా, సైజుకు తగ్గ బరువుగా ఉండాలి. వేర్లు పుట్టే అడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోతే కుళ్ళు పట్టినట్టే, ఇక దాన్ని వదిలేయాలి. పొట్టు ఊడిపోతే నష్టమేమీ లేదు. పైపైన కాస్త నీలిబూజు ఉన్నా, దుంప గట్టిగా ఉంటే తుడిచి నాటుకోవచ్చు. ట్యులిప్‌కు చుట్టుకొలత 12 సెం.మీ. దాటితే మంచి సైజు. హయసింత్‌ను ఆరుబయట నాటేటట్టయితే 14–16 సెం.మీ. చాలు, అంతకన్నా పెద్దవాటి పూగుత్తి బరువెక్కి వానకు వాలిపోతుంది. ఒక్కమాట, హయసింత్ దుంపలు ముట్టుకుంటే చాలామందికి చేతులు దురద పెడతాయి. తొడుగులు వేసుకోండి.

నాటే అదను నేల చల్లబడ్డాక. ఉత్తరార్ధగోళంలో డాఫడిల్‌ను, అన్నిటికన్నా ముందు పూసే చిన్న పూల క్రోకస్, స్నోడ్రాప్‌లను సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటాలి. ఇవి వేళ్ళు తన్నడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. ట్యులిప్‌లను మాత్రం నవంబరు దాకా ఆపడం మంచిది. నేల వెచ్చగా ఉండగా నాటితే బూజు తెగుళ్ళు తొందరగా అంటుకుంటాయి. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్ళు ఈ నెలలను ఆరేసి ముందుకు జరుపుకుంటే సరి.

లోతు లెక్క తేలికే: దుంప ఎత్తుకు మూడింతల గుంత. 5 సెం.మీ. ట్యులిప్‌కు 15 సెం.మీ. గుంత తవ్వితే దాని నెత్తిన 10 సెం.మీ. మట్టి నిలుస్తుంది. క్రోకస్, స్నోడ్రాప్‌లకు 8–10 సెం.మీ. చాలు. దుంపకూ దుంపకూ మధ్య రెండు దుంపల వెడల్పు ఖాళీ వదలండి. మొన పైకి ఉండాలి. ఏది మొనో తేలకపోతే పక్కకు పడుకోబెట్టండి, మొలక దారి వెతుక్కుంటుంది. ఈ దుంపలు చలికి చావవు, నిలవ నీటికి చస్తాయి. బంకమట్టి నేలైతే గరుకు ఇసుక, ఎండాకుల ఎరువు బాగా కలిపి మడిని ఎత్తు చేయాలి. అలా కాకుండా గుంతలో మాత్రమే ఇసుక పోసి వదిలేస్తే చుట్టుపక్కల నీరంతా అందులోకే దిగుతుంది.

ఈ దుంపలు పూయాలంటే కొన్ని వారాల చలి కావాలి, అది గట్టిగా పడని చోట ఫ్రిజ్‌ను శీతకాలంగా వాడుకోవాలి. చిల్లులున్న కాగితం సంచిలో పెట్టి, 4–9 డిగ్రీల సెల్సియస్ మధ్య ట్యులిప్‌కు 12–16 వారాలు, క్రోకస్, హయసింత్‌లకు సుమారు 10–12 వారాలు ఉంచాలి. అదే ఫ్రిజ్‌లో ఆపిల్‌లాంటి పండ్లు ఉండకూడదు. పండే పండు నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. బయటికి చూస్తే దుంప నిక్షేపంగా ఉంటుంది, నాటాక ఆకులు తప్ప పువ్వు రాదు. సంచి మీద పెద్ద అక్షరాలతో పేరు రాయడం మరవద్దు. డాఫడిల్ దుంప అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది, కానీ విషం. చలి అక్కర్లేకుండా పూసేది కావాలంటే పేపర్‌వైట్ రకం డాఫడిల్ ఉండనే ఉంది.

కుండీలో అయితే అంతస్తులుగా నాటండి. 30 సెం.మీ. వెడల్పు, అంతకన్నా కాస్త ఎక్కువ లోతు ఉన్న కుండీ తీసుకుని, అంచు నుంచి 20 సెం.మీ. దిగువన ట్యులిప్‌లు, 15 దగ్గర పొట్టి డాఫడిల్స్, 8 దగ్గర క్రోకస్‌లు పెట్టి, ఒక్కో వరుస మీద మట్టి కప్పుతూ రావాలి. కింది మొలకలు పైనున్న దుంపలను తప్పించుకుని వచ్చేస్తాయి. ట్యులిప్ దుంపకు ఒక వైపు చదునుగా ఉంటుంది. మొదటి పెద్దాకు ఆ వైపునే వస్తుంది కాబట్టి దాన్ని కుండీ గోడ వైపు తిప్పితే ఆకులు అంచు మీదుగా అందంగా వాలతాయి. చలికాలమంతా మట్టి పూర్తిగా ఎండిపోకుండా చూడాలి. మొగ్గ తొడిగాక కుండీ ఎండితే ఆ మొగ్గ కాగితంలా మాడిపోతుంది.

ఇంత చేసి, తీరా పూసినప్పుడు చూడకపోవడం చాలామంది చేసే పొరపాటు. తొలి పూలు చిన్నవి, నేలకు అంటుకుని ఉంటాయి, పైగా ఆ రోజుల్లో బయటికి వెళ్ళబుద్ధి కాదు. అందుకే వాటిని తోట చివర కాకుండా గుమ్మం పక్కన, రోజూ నడిచే దారిలో, కిటికీలోంచి కనబడే చోట నాటాలి. క్రోకస్‌లు ఒకటి రెండు నాటితే కంటికి ఆనవు, ఒకేచోట ఇరవై ముప్పై ఉండాలి. వాటికి ఎండ తగిలే చోటే ఇవ్వండి, ఎందుకంటే మబ్బుగా ఉన్నప్పుడు క్రోకస్ మొగ్గలా ముడుచుకునే ఉంటుంది. కాస్త వెచ్చబడగానే నిమిషాల్లో విచ్చుకుంటుంది, లోపల నారింజరంగు కనబడుతుంది, ఎక్కడినుంచో తేనెటీగలు దిగి కాళ్ళనిండా అదే రంగు పుప్పొడి పూసుకుంటాయి. స్నోడ్రాప్ తల వంచుకుని ఉంటుంది, నిలబడి చూస్తే తెల్ల చుక్క తప్ప ఏమీ తెలియదు. రెండు కాడలు తుంచి చిన్న గ్లాసులో వేసి వెచ్చని గదిలో పెట్టండి. పైరేకులు మూడూ రెక్కల్లా లేస్తాయి, లోపలి రేకుల మీద ఆకుపచ్చ మచ్చ బయటపడుతుంది, చలిలో తెలియని తేనె వాసన అప్పుడు వస్తుంది.

మంచు కురిసిన రాత్రి తెల్లవారి డాఫడిల్స్, హయసింత్‌లు నేలకు వాలిపోయి కనబడితే కంగారు పడి కోయకండి. ఎండెక్కేసరికి చాలావరకు వాటంతటవే లేస్తాయి.

ఇంట్లోకి కోసుకోవాలంటే పొద్దున్నే కోయాలి. డాఫడిల్‌ను మొగ్గ మెడ వంచి రంగు తేలినప్పుడు, ట్యులిప్‌ను మొగ్గ సగానికి పైగా రంగు తిరిగినప్పుడు కోస్తే ఎక్కువ రోజులు నిలుస్తాయి. డాఫడిల్ కాడ నుంచి కారే జిగురు పక్కనున్న ట్యులిప్‌లను పాడు చేస్తుంది. రెండూ ఒకే పాత్రలో కావాలంటే డాఫడిల్స్‌ను ఒక రోజు విడిగా నీళ్ళలో ఉంచి, మళ్ళీ కాడ కోయకుండా కలపాలి. ట్యులిప్ కోశాక కూడా పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. నిటారుగా కావాలంటే కాగితంలో బిగుతుగా చుట్టి లోతు నీళ్ళలో రెండు గంటలు నిలబెట్టండి. వంగినవే బాగుంటాయి, అది వేరే సంగతి.

పూలు వాడాక విత్తనకాయ కట్టకుండా తల తుంచేయాలి, ఆకుల జోలికి మాత్రం పోకూడదు. కనీసం ఆరు వారాలు, పచ్చదనం పోయేదాకా వదలాలి. వచ్చే ఏటి మొగ్గకు తిండి ఆ ఆకులదే. చూడ్డానికి బాగోలేదని ముడి వేసినా, జడ అల్లినా ఎండ తగలదు. అప్పటిదాకా తడి ఇస్తూ పొటాష్ ఎక్కువున్న ద్రవ ఎరువు పోయవచ్చు. డాఫడిల్ గుత్తి ఆకులు మాత్రమే వేసి పూయడం లేదంటే ఆకులు ముందే కోసి ఉంటారు, లేదా పైపైన నాటి ఉంటారు, లేదా దుంపలు పిల్లలు పెట్టి ఇరుకైపోయి ఉంటాయి. ఇరుకైతే ఆకులు ఎండాక తవ్వి, విడదీసి, లోతుగా నాటాలి. ట్యులిప్ ఆకులు మెలితిరిగి గోధుమరంగు మచ్చలు పడితే అది బూజు తెగులు. మొక్కను దుంపతో సహా పీకి చెత్తలో వేయండి, ఎరువుగుంతలో వేయొద్దు, ఆ చోట మూడేళ్ళు ట్యులిప్ నాటొద్దు. కాడ పొట్టిగా ఉండి పువ్వు ఆకుల మధ్యే విచ్చుకుంటే దానికి చలి చాలలేదు. ఉడతలు ట్యులిప్, క్రోకస్‌లను తవ్వేస్తుంటే నాటిన చోట కోళ్ళ జాలీ పరిచి మొలకలు లేచాక తీసేయండి. డాఫడిల్‌ను అవి ముట్టవు.

స్నోడ్రాప్‌లది వేరే దారి. శరత్తులో నాటవచ్చు గానీ ఎండిన దుంపలు చాలాసార్లు మొలవవు. పూలు అయిపోగానే ఆకులు పచ్చగా ఉండగానే గుత్తిని తవ్వి, రెండు మూడేసి దుంపలుగా విడదీసి, కాడ మీద తెలుపు పచ్చగా మారే గీత దాకా మట్టిలో దింపి, వెంటనే నీళ్ళు పోయండి.