ఓవర్‌టైమ్ మొదలయ్యేలోపు మణికట్టు జాగ్రత్తలు

ఆర్డర్లు మీదపడే రోజుల్లో మెషిన్లను ముందే సర్వీసింగ్ చేయిస్తారు. చేతుల సంగతి మాత్రం తిమ్మిర్లు మొదలయ్యాకే గుర్తొస్తుంది.

మణికట్టులో ఎముకలకూ ఒక బిగువైన పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుంది. వేళ్లను మడిచే 9 స్నాయువులూ, బొటనవేలి వైపు వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరమూ అందులోంచే వెళ్తాయి. గట్టిగా పట్టుకుని ఒకే పని పదేపదే చేసినా, మణికట్టు వంచి పనిచేసినా, అదిరే పనిముట్లు వాడినా అక్కడ ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. పెద్దగా పట్టించుకోనిది రసాయనాల సంగతి. కొన్ని జిగుర్లలో, గ్రీజు వదిలించే ద్రవాల్లో ఉండే హెక్సేన్ నరాలను నేరుగా దెబ్బతీస్తుంది. చేతులకు శ్రమ, రసాయనాలు రెండూ ఉన్నచోట కార్పల్ టనెల్ ముప్పు ఇంకా ఎక్కువని ఫ్రాన్స్‌లో కార్మికులపై జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. అందుకే ఒకే మనిషికి పగలంతా గ్రైండర్, సాయంత్రం జిగురు పని అప్పగించడం నాకు అస్సలు నచ్చదు. పనులు మార్చడమంటే చేతికి విశ్రాంతి దొరికేలా మార్చాలి.

డబ్బా మీది లేబుల్, ఆ రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే భద్రతా పత్రం ఇప్పుడే చదవండి, రద్దీలో ఎవరూ చదవరు. హెక్సేన్ లేని సరుకు దొరికితే అదే తెప్పించండి. ఆవిరి పుట్టినచోటే దాన్ని లాగేసే ఫ్యాన్ ఉండాలి, కిటికీ తెరిస్తే సరిపోదు. థిన్నర్‌తో చేతులు కడుక్కోవద్దు. మామూలు రబ్బరు గ్లవ్స్ చాలా సాల్వెంట్లను (థిన్నర్ లాంటి కరిగించే ద్రవాలను) ఆపలేవు, మరీ మందంవి వేసుకుంటే పట్టు కోసం ఇంకా గట్టిగా బిగించాల్సి వస్తుంది. ఆ రసాయనానికి తగినవి, చేతికి సరిపోయే సైజువి ఎంచుకోండి.

అదిరే పనిముట్ల విషయంలో యూరోపియన్ యూనియన్ లెక్క పనికొస్తుంది: 8 గంటల పనికి లెక్కగట్టిన కంపనం సెకను వర్గానికి 2.5 మీటర్లు (m/s²) దాటితే యాజమాన్యం చర్యలు తీసుకోవాలి, 5 అసలు దాటకూడదు. అరిగిన డిస్కులు, మొద్దుబారిన బ్లేడ్లు ముందే మార్చేయండి.

బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి, రాత్రి నిద్రలో లేచి చేయి విదిలించుకోవడం, వస్తువులు జారిపోవడం కనిపిస్తే డాక్టర్‌కు చూపించుకోండి. షుగర్, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లు, గర్భిణులు ఇంకా త్వరపడాలి. చిటికెన వేలు, పాదాలు కూడా తిమ్మిరెక్కుతుంటే కారణం మణికట్టు ఒక్కటే కాకపోవచ్చు. ఏ రసాయనాలతో పనిచేస్తున్నారో డాక్టర్‌కు తప్పక చెప్పండి, వీలైతే లేబుల్ ఫొటో చూపించండి.