తెలుగు కీబోర్డ్ సెటప్‌ను యాంటీవైరస్ పట్టేస్తే

పెళ్లిపత్రికల పని నెత్తిమీద ఉన్నప్పుడే కొత్త కంప్యూటర్లో తెలుగు కీబోర్డ్ సాఫ్ట్‌వేర్ వేయాల్సి వస్తుంది. సెటప్ నొక్కగానే విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్, ట్రోజన్ (మంచి ప్రోగ్రాంలా కనిపించే వైరస్) అంటూ దాన్ని మాయం చేస్తుంది. కడప, ప్రొద్దుటూరు డీటీపీ షాపుల్లో ఇలాంటప్పుడు యాంటీవైరస్‌నే ఆపేయాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు.

డిఫెండర్ అనుమానానికి కారణముంది. కీబోర్డ్ ప్రోగ్రాం మీరు నొక్కే ప్రతి కీని మధ్యలోనే అందుకుని తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డ్‌లు కాజేసే కీలాగర్ కూడా కీలను అలాగే పట్టుకుంటుంది. పైగా చిన్న కంపెనీల సెటప్‌లకు చాలాసార్లు డిజిటల్ సంతకం (తయారుచేసింది ఎవరో రుజువుచేసే గుర్తు) ఉండదు. హెచ్చరికలో పేరు చివర "!ఎంఎల్" ఉంటే అది మెషీన్ లెర్నింగ్ వేసిన అంచనా, తప్పే అయ్యుండొచ్చు, నిజమూ కావచ్చు. "హ్యాక్‌టూల్", "కీజెన్" అని వస్తే మాత్రం క్రాక్ ఫైలు (లైసెన్స్ కొనకుండా వాడేందుకు చేసినది) అన్నట్టే. దాన్ని తీసేయండి.

ముందు ఫైలు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పక్క షాపు పెన్‌డ్రైవ్‌లోదయితే వాడొద్దు. సాలిటీ, రామ్‌నిట్ లాంటి వైరస్‌లు మంచి ఈఎక్స్‌ఈ ఫైళ్లలోకే దూరతాయి, పేరూ ఐకానూ మారవు. తయారుచేసినవాళ్ల సైటు నుంచే మళ్లీ దించుకోండి. అక్కడ ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు) ఇచ్చి ఉంటే, జిప్ ఫైళ్లు తెరిచే సెవెన్‌జిప్ ప్రోగ్రాం రైట్ క్లిక్ మెనూలో అదే లెక్క తీసి పోల్చండి. 64 అక్షరాల్లో ఒక్కటి తేడా వచ్చినా అది ఆ ఫైలు కాదు.

తర్వాత సెటప్‌ను వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటులో పెట్టండి. అక్కడ సుమారు 70 యాంటీవైరస్‌లు చూస్తాయి. ఒకటి రెండు చిన్నవి "జనరిక్" (ఫలానా వైరస్ అని తేల్చని పేరు) అంటే పొరపాటు కావచ్చు. పేరున్నవి నాలుగైదు ఒకే మాట చెబితే వదిలేయండి. కస్టమర్ల ఆధార్, పత్రాలు మాత్రం అక్కడ ఎక్కించొద్దు. ఎక్కించిన ఫైళ్లు బయటి సంస్థలకూ అందుతాయి.

అన్నీ సరిపోయాక డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ వేసి చూడండి. చాలా పొరపాట్లు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, ఆ ఎంట్రీ దగ్గర యాక్షన్స్ నొక్కి రిస్టోర్ ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా పట్టుకుంటుంటే ఎక్స్‌క్లూజన్స్‌లో (డిఫెండర్ చూడకుండా వదిలేసే జాబితా) ఆ ఒక్క ఈఎక్స్‌ఈ ఫైలునే చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరో, సీ డ్రైవో చేరిస్తే రేపు అక్కడికి ఏ వైరస్ వచ్చినా డిఫెండర్ కన్నెత్తి చూడదు. ఫైలును మైక్రోసాఫ్ట్ సైటులో పరిశీలనకు కూడా పంపండి. వాళ్లు సరిచేశాక ఎక్స్‌క్లూజన్ తీసేయడం మరవొద్దు.