వెబ్ సర్వర్ మీద భారం – 4వ పాఠం: మళ్ళీ అడగడానికీ ఓ పద్ధతి

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. సర్వర్‌లో 50 వర్కర్లున్నాయి (ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక్క రిక్వెస్టు పనే చూస్తుంది), ఒక్కో రిక్వెస్టుకు 200 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు ఎన్నింటికి జవాబివ్వగలదు? ఒక్క వర్కర్ సెకనుకు 5 చేస్తుంది కాబట్టి మొత్తం 250. ఇంతవరకు చాలామంది సరిగ్గానే చేసి ఉంటారు. తికమకంతా రెండో సగంలో ఉంది. వెనక డేటాబేస్‌లో ఎవరో బ్యాకప్ మొదలుపెట్టారు, 200 మిల్లీసెకన్ల పని కాస్తా 2 సెకన్లు పడుతోంది. ఇప్పుడెన్ని? 25. సైటుకు కొత్తగా ఒక్క మనిషి రాలేదు, ఒక్క మిషనూ ఆగలేదు, అయినా సామర్థ్యం పదో వంతుకు పడిపోయింది.

లోపల ఉన్న రిక్వెస్టుల సంఖ్య అంటే సెకనుకు వచ్చేవాటిని ఒక్కోటి లోపల గడిపే సమయంతో గుణిస్తే వచ్చేది. 1961లో జాన్ లిటిల్ దీన్ని నిరూపించాడు, అందుకే లిటిల్ సూత్రం అంటారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇవాళ అడుగడుగునా పనికొస్తుంది.

మూడో పాఠంలో లోడ్ బ్యాలెన్సర్ పెట్టి పని పంచడం చూశాం. ఇవాళ పంచేవైపు సంగతి కాదు, అడిగేవైపు సంగతి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైటు నెమ్మదించడానికి డేటాబేసో నెట్‌వర్కో కారణం కావొచ్చు. కానీ నెమ్మదించిన సైటు మళ్ళీ లేవలేకపోతే, అందుకు చాలాసార్లు కారణం మనం రాసిన క్లయింట్లే, అంటే సర్వర్‌ను అడిగే యాప్‌లూ ప్రోగ్రాములే.

ఫలితాల రోజు, పది సెకన్లు

ఒక పరీక్ష ఫలితాల సైటు అనుకుందాం. అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవే. సెకనుకు 200 మంది హాల్ టికెట్ నంబరు కొట్టి బటన్ నొక్కుతున్నారు. సర్వర్ 250 దాకా తట్టుకుంటుంది కాబట్టి ఇబ్బందేం లేదు. సరిగ్గా అప్పుడు డేటాబేస్ 10 సెకన్లపాటు నెమ్మదించింది. ఆ 10 సెకన్లలో 2000 మంది వచ్చారు, 250 మందికి జవాబు వెళ్ళింది, 1750 మంది క్యూలో ఉండిపోయారు. తర్వాత డేటాబేస్ కోలుకుంది. వచ్చేది 200, చేయగలిగేది 250, కాబట్టి పాత బాకీ సెకనుకు 50 చొప్పున తీరుతుంది. 35 సెకన్లలో క్యూ ఖాళీ అవుతుంది. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

అయితే మొబైల్ యాప్ రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే ఒక ఏర్పాటు చేశారు. 3 సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసి వెంటనే మళ్ళీ అడగాలి, అలా ఇంకో మూడుసార్లు ప్రయత్నించాలి. ఇప్పుడు లెక్క తిరగబడుతుంది. డేటాబేస్ కోలుకున్న క్షణానికి క్యూలో తక్కువలో తక్కువ 1750 ఉన్నాయి. వాటిని 250తో భాగించండి. ఇప్పుడొచ్చే రిక్వెస్టు వంతు రావడానికి 7 సెకన్లు పడుతుంది. యాప్ ఆగేది 3 సెకన్లే. సర్వర్ వండి వడ్డించేసరికి విస్తరి ముందు మనిషి లేడు. లేచి వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాడు. సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, వడ్డిస్తూనే ఉంటుంది.

ఒక్కో మనిషి తరఫున నాలుగు రిక్వెస్టులు వెళ్తున్నాయి కాబట్టి సెకనుకు 200 కాస్తా 800 అయింది. సామర్థ్యం మాత్రం 250. క్యూ తరగదు, పెరుగుతుంది. సీపీయూ 100 శాతం దగ్గర ఉంటుంది, డేటాబేస్ నిక్షేపంగా ఉంటుంది, కానీ ఒక్క పిల్లవాడికీ మార్కులు కనబడవు. మొదటి కారణం ఎప్పుడో పోయింది, జబ్బు మాత్రం తనను తానే పోషించుకుంటోంది. 2021లో వచ్చిన ఒక పరిశోధన పత్రం దీనికి మెటాస్టేబుల్ ఫెయిల్యూర్ అని పేరు పెట్టింది. అంతకుముందు కూడా దీన్ని అందరూ చూసినవాళ్ళే. సర్వర్లు ఆపి, ట్రాఫిక్ మొత్తం కట్ చేసి, కొద్దికొద్దిగా లోపలికి వదిలితే గాని దారికి రాలేదని చెప్పేవాళ్ళు ఆపరేషన్స్ టీముల్లో చాలామందే ఉంటారు.

మీ సర్వర్‌లో ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక మంచి ఆనవాలుంది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే యాక్సెస్ లాగ్ (వచ్చిన ప్రతి రిక్వెస్టునూ రాసుకునే ఫైలు) తెరిచి, స్టేటస్ కోడ్ ఉండాల్సిన చోట 499 కోసం చూడండి. అది హెచ్‌టీటీపీ ప్రమాణంలో లేని కోడ్. జవాబు సిద్ధమయ్యేలోపే అవతలివాళ్ళు కనెక్షన్ మూసేశారని ఇంజిన్‌ఎక్స్ తన కోసం రాసుకునే గుర్తు. మామూలు లాగ్‌లో ఎంతసేపు పట్టిందో ఉండదు, కాబట్టి లాగ్ ఫార్మాట్‌లో రిక్వెస్ట్ టైమ్ వేరియబుల్‌ను మీరే చేర్చుకోవాలి. చేర్చాక 499 వరుసలు మాత్రం ఏరి సమయాలు చూడండి. 0.8, 5.2, 11.4 అని చెల్లాచెదురుగా ఉంటే విసుగొచ్చి పేజీ మూసేసిన మనుషులు. 3.000, 3.001, 2.999 అని ఒకే చోట గుట్టపడితే మనిషి వేళ్ళు కావవి, మీ యాప్‌లోని టైమవుట్, అంటే ఇంతసేపే ఆగాలన్న గడువు.

ఈ జబ్బు వెబ్ కంటే పాతది

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లేబొరేటరీకి, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు. అప్పటి టీసీపీ (డేటాను ప్యాకెట్లనే ముక్కలుగా నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) కోడ్, ప్యాకెట్ చేరినట్టు కబురు రాకపోతే ఇరుకైన దారిలోకి మళ్ళీ మళ్ళీ ప్యాకెట్లు కుక్కేది. మన ఫలితాల యాప్ చేసిందీ అదే. వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ దీన్ని తవ్వి తీసి, 1988లో ప్రచురించిన పత్రంలో టీసీపీకి వెనక్కి తగ్గడం నేర్పారు. మెల్లగా మొదలుపెట్టు, కబురు వచ్చేకొద్దీ పెంచు, పోయిందనిపిస్తే గట్టిగా తగ్గించు. ఇవాళ మన ఫోన్లలో నడిచే టీసీపీ ఆ దారిలోదే.

ఈథర్నెట్ అయితే అంతకు ముందే ఈ మర్యాద పాటించింది. ఒకే తీగ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటే ఇద్దరూ ఆగుతారు. ఎంతసేపన్నది పాచిక వేసినట్టు యాదృచ్ఛికంగా తేలుతుంది. మళ్ళీ గుద్దుకుంటే ఆ పాచిక పరిధి రెట్టింపవుతుంది. 16 ప్రయత్నాలయ్యాక చేతులెత్తేస్తుంది. చేతులెత్తేయడం కూడా డిజైన్‌లో భాగమే. మన యాప్‌లలో చాలావాటికి లేనిదల్లా అదే.

క్లయింట్ వైపు చెయ్యాల్సింది

ముందు ఏవి మళ్ళీ అడగొచ్చో తేల్చుకోండి. 400, 401, 403, 404 వస్తే మళ్ళీ అడిగి లాభం లేదు, తప్పు మీ రిక్వెస్టులోనే ఉంది. 502, 503, 504 అయితే ఇబ్బంది సర్వర్ వైపుది, కాసేపాగి అడగొచ్చు. 429 అంటే ‘మరీ ఎక్కువ అడుగుతున్నావు, ఆగు’ అని సర్వర్ నోరు తెరిచి చెబుతున్నట్టు. 429తోనూ 503తోనూ రీట్రై-ఆఫ్టర్ అనే హెడర్ రావచ్చు. ఎన్ని సెకన్లాగాలో, లేదా ఏ సమయం దాకా ఆగాలో అందులో ఉంటుంది. అది వస్తే మీ సొంత లెక్కలు పక్కనపెట్టి దాన్నే పాటించండి. కమాండ్ లైన్‌లో వాడే కర్ల్ కూడా 7.66 వెర్షన్ నుంచి దీన్ని పాటిస్తోంది.

సమాచారం తెచ్చుకునే గెట్ రిక్వెస్టును ఎన్నిసార్లు పంపినా ఫలితం మారకూడదు కాబట్టి పేచీ లేదు. సర్వర్‌కు పని అప్పగించే పోస్ట్ అలా కాదు. డబ్బు కట్టే రిక్వెస్టుకు జవాబు రాలేదంటే కట్టలేదని అర్థం కాదు, కట్టాక జవాబు దారిలో పోయి ఉండొచ్చు. గుడ్డిగా మళ్ళీ పంపితే రెండుసార్లు కట్ అవుతుంది. అలాంటివాటికి క్లయింట్ ప్రతి పనికీ ఒక ప్రత్యేక నంబరు తయారుచేసి, ఎన్నిసార్లు పంపినా అదే నంబరుతో పంపాలి. ఆ నంబరు ఇదివరకే చూసి ఉంటే సర్వర్ పని మళ్ళీ చెయ్యకుండా పాత జవాబే ఇవ్వాలి.

ఇక ఎంతసేపు ఆగాలి? 1, 2, 4, 8 సెకన్లు అని రెట్టింపు చేసుకుంటూ పోవడం అందరికీ తెలిసిందే, దీన్నే బ్యాకాఫ్ అంటారు. తెలిసి కూడా సగమే చేస్తారు. 10 గంటల 0 సెకన్లకు సర్వర్ పడింది, 1000 క్లయింట్లకు ఒకేసారి ఎర్రర్ వచ్చింది అనుకోండి. ఎర్రర్ వెంటనే తిరిగొచ్చినా సరే, అందరూ 1వ సెకనులో కట్టకట్టుకుని వస్తారు, తర్వాత 3వ సెకనులో, 7వ సెకనులో, 15వ సెకనులో. మధ్యలో సర్వర్ ఖాళీగా ఉంటుంది, ఆ నాలుగు క్షణాల్లో మాత్రం 1000 మంది మీద పడతారు. రెట్టింపు చేయడం వల్ల గుంపు చెదరలేదు, గుంపుగానే ఆలస్యంగా వచ్చింది. దీనికి మందు జిట్టర్. 8 సెకన్లు ఆగాల్సిన చోట 0 నుంచి 8 మధ్యలో ఏదో ఒక సమయం యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. అప్పుడు ఆ 1000 మంది సెకనుకు దాదాపు 125 చొప్పున వస్తారు. 250 తట్టుకునే సర్వర్‌కు అది లెక్కే కాదు. కోడ్‌లో ఇది ఒక్క లైన్ మార్పు.

ఇదే ఉపాయం రీట్రైలకే (మళ్ళీ అడగడానికే) కాదు. రాత్రి సరిగ్గా 12కి సింక్ అయ్యే యాప్‌లకు, మళ్ళీ వాడుకోవడానికి జవాబులు దాచుకుని, ఒకేసారి గడువు తీరే కాష్‌లకు కూడా పనికొస్తుంది.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం. బ్యాకాఫ్ భారాన్ని వాయిదా వేస్తుంది, తగ్గించదు. కొత్త మనుషులు సెకనుకు 200 మంది వస్తూనే ఉంటే, ఒక్కొక్కరు నాలుగేసిసార్లు అడిగితే, ఎంత చెదరగొట్టినా చివరికి సెకనుకు 800 దగ్గరికే చేరుతుంది. చిన్న తడబాటుకు బ్యాకాఫ్ చాలు, పెద్ద దెబ్బకు చాలదు. అక్కడ పనిచేసేది రీట్రై బడ్జెట్. మామూలు రిక్వెస్టులు 10 వెళ్తే ఒక్క రీట్రైకి అనుమతి, అది అయిపోతే నేరుగా ఎర్రర్ చూపించడం. మన లెక్కలో 200 కాస్తా 220 అవుతుంది, 250 దాటదు, క్యూ కరుగుతుంది. నన్నడిగితే బ్యాకాఫ్, బడ్జెట్‌లలో ఒక్కటే పెట్టుకునే వీలుంటే బడ్జెట్టే పెట్టుకోమంటాను.

రీట్రై ఎక్కడో ఒక్కచోటే ఉండాలి. యాప్ నాలుగుసార్లు, వెబ్ సర్వర్ తన వెనకున్న సర్వీసును నాలుగుసార్లు, ఆ సర్వీసు డేటాబేస్‌ను నాలుగుసార్లు అడిగితే ఒక్క నొక్కుకు డేటాబేస్ మీద 64 ప్రయత్నాలు పడతాయి. ఎవరి కోడ్ వాళ్ళు చూసుకుంటే నాలుగే కదా అనిపిస్తుంది. ఇంజిన్‌ఎక్స్ కూడా ఈ ఆటలో ఉందని చాలామంది గమనించరు. వెనకున్న ఒక సర్వర్‌తో ఎర్రరో టైమవుటో వస్తే, చెప్పకపోయినా తర్వాతి సర్వర్‌కు పంపుతుంది. ఎన్నిసార్లన్న సెట్టింగు మామూలుగా 0, అంటే హద్దు లేదని. దాన్ని 2కి దించండి.

సర్వర్ వైపు: కాదనడం త్వరగా చెప్పాలి

క్యూ ఎంత పొడుగుండాలి? క్లయింట్ ఆగేది 3 సెకన్లు, సామర్థ్యం 250. అంటే 750 తర్వాత నిలబడే ప్రతివాడూ వృథాగా నిలబడినట్టే. కానీ డేటాబేస్ నెమ్మదించి సామర్థ్యం 25కి పడినప్పుడు ఆ 750 మందికి 30 సెకన్లు పడుతుంది. అందుకే సంఖ్యకు హద్దు పెట్టడం కంటే వయసుకు హద్దు పెట్టడం మేలు. వర్కర్ క్యూలోంచి ఒకటి తీసినప్పుడు అది వచ్చి 2 సెకన్లు దాటిందా చూడాలి. దాటితే డేటాబేస్ జోలికి పోకుండా వెంటనే 503 పంపి తర్వాతది తీసుకోవాలి. 200 మిల్లీసెకన్ల పని తప్పింది, ఆ సమయం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళకు దక్కింది. రీట్రై-ఆఫ్టర్‌లో అందరికీ 30 అని పెట్టకండి, 20 నుంచి 60 మధ్య ఏదో ఒకటి పంపండి. లేకపోతే మన చేతులతో మనమే గుంపు కట్టినట్టవుతుంది.

ఐపీ అడ్రస్‌ను బట్టి హద్దు పెట్టేటప్పుడు మన దేశంలో జాగ్రత్త. మొబైల్ నెట్‌వర్కుల్లో వేలమంది ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక ఉండొచ్చు, హాస్టల్ వైఫై సంగతీ అంతే. సెకనుకు 5 అని బిగిస్తే ఒక హాస్టల్ మొత్తానికి తలుపు మూసినట్టే. లాగిన్‌ను బట్టో హాల్ టికెట్ నంబరును బట్టో పెట్టండి. ఇంజిన్‌ఎక్స్ హద్దు దాటినవాళ్ళకు మామూలుగా పంపేది 503, దాన్ని 429గా మార్చే సెట్టింగుంది, మార్చుకోండి. సర్వర్ నీరసపడిందా, క్లయింట్ అతి చేస్తోందా అన్నది లాగ్‌లో విడివిడిగా కనబడుతుంది.

చివరిగా మనిషి. మనిషికి బ్యాకాఫ్ లేదు, టెన్షన్‌లో ఉంటే రిఫ్రెష్ మీద వేలు ఆగదు. ఎర్రర్ పేజీలో ‘మళ్ళీ ప్రయత్నించండి’ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కడానికి వీల్లేకుండా పెట్టి, తగ్గుతున్న అంకె చూపించండి. ఆ పేజీకి డేటాబేస్‌తో పని లేకుండా చూసుకోండి.

అభ్యాసం

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో వరుస ఒక్కో సెకను, మొత్తం 60 వరుసలు. సామర్థ్యం మొదటి 10 వరుసల్లో 25, తర్వాత 250. మొదటి ప్రయత్నం కాలమ్‌లో అన్నిటా 200. రెండో ప్రయత్నం కాలమ్‌లో, 3 వరుసల పైన క్యూను సామర్థ్యంతో భాగిస్తే 3 దాటి ఉంటే, ఆ వరుసలోని మొదటి ప్రయత్నాల సంఖ్య రావాలి, లేకపోతే 0. మూడో, నాలుగో కాలమ్‌లు కూడా అలాగే, దాని ముందు కాలమ్‌ను చూసి. క్యూ అంటే పై వరుస క్యూకు ఈ వరుసలో వచ్చినవన్నీ కలిపి సామర్థ్యం తీసేయడం, సున్నా కంటే తగ్గకూడదు. 10వ వరుసలో క్యూ 4150 వస్తే మీ షీటు సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే ముందుకెళ్ళకండి, రెండో ప్రయత్నం ఫార్ములా చూసుకోండి.

తర్వాత చివరి మూడు ప్రయత్నాలు తీసేసి 10 శాతం బడ్జెట్ పెట్టి చూడండి. ఆ తర్వాత 2 సెకన్ల వయసు హద్దు చేర్చండి. 20వ వరుస దగ్గర మూడు పద్ధతుల్లో ఎంతమందికి సమయానికి జవాబు అందుతోందో రాసుకోండి. ఆ అంకెలతోనే 5వ పాఠం మొదలవుతుంది. అందులో కాషింగ్, 304 జవాబులు చూద్దాం.